బొంత అంచు

ఇంటిలో అటకమీదనో, పాతపెట్టె అడుగుననో ఒక బొంత ఉండకపోదు. దానిని ఒకసారి దింపి వెలుతురులో పరచి చూడుడు. నడుమభాగమున రంగు వెలిసియుండవచ్చును గాని గుడ్డ నిలిచియే ఉండును, కుట్లు కదలవు. అంచుల దగ్గరకు వచ్చునప్పటికి కథ మారును. మడత వెంబడి గుడ్డ విచ్చి, లోపలి పొరలు బయటికి తొంగిచూచుచుండును. నాలుగు అంచులలోను తలవైపు అంచు మరింత పాడైయుండును.

ఇట్లేల జరుగును? నడుమభాగమున పొరలన్నియు ఒకదానిపై నొకటి చదునుగా పడియుండి, కుట్లచే ఒకదానికొకటి కట్టుబడియుండును. అక్కడ ఎవరైన పట్టి లాగినను ఆ లాగుడు చుట్టుపట్ల నున్న వందల పోగులకు పంచబడును. అంచున అట్లు కాదు. అక్కడ గుడ్డ వెనుకకు తిరిగి ఇరుకైన మడతయై నిలుచును. మడత కొననున్న పోగులు రెండో మూడో మాత్రమే. రాపిడి యంతయు వానిమీదనే పడును. నిద్రలో బొంతను పైకి లాగుకొనునది అంచు పట్టుకొనియే. ఉతికిన తరువాత నీరు నిండి బరువెక్కిన బొంతను ఇద్దరు చెరియొక కొసను నిలిచి పిండునదియు అంచు పట్టుకొనియే. తలవైపు అంచునకు ఇవి చాలనట్లు ముఖపు చెమట, తలనూనె కూడ అంటును. ఉత్తర అమెరికాలో వెనుకటి గృహిణులు ఈ తలవైపు అంచునకు విడిగా ఒక గుడ్డపట్టీ తగిలించి, మాసినప్పుడు దానినొక్కదానినే విప్పి ఉతికెడివారు. దానికి వారు పెట్టిన పేరు ‘గడ్డపు కాపు’. మగవారి గడ్డములు బొంతను ఎంత అరగదీసినవో ఆ పేరే చెప్పుచున్నది.

కావున బొంత కుట్టుటలో చివరి పని, అనగా అంచును మూసివేయుట, అలంకారము కొరకు చేయు పని కాదు. బొంత ఎన్నేండ్లు బ్రతుకునో అక్కడనే నిర్ణయమగును. వేరువేరు దేశముల స్త్రీలు ఈ ఒక్క సమస్యకు వేరువేరు పరిష్కారములు కనుగొనిరి. వారు కుట్టినవి నేటికిని మ్యూజియములలో ఉన్నవి గనుక, ఆ పరిష్కారములను మనము చూచి పోల్చుకొనవచ్చును.

ఐరోపా బొంతకు సాధారణముగా మూడు పొరలు: పైగుడ్డ, నడుమ దూది లేక ఉన్ని, అడుగుగుడ్డ. ఈ జాతి కుట్టుపనిలో నేడు నిలిచియున్న మిక్కిలి పాతవానిలో ఒకటి సిసిలీ ద్వీపములో 1360–1400 నడుమ తయారైన ‘ట్రిస్టన్ బొంత’. నార గుడ్డల నడుమ నూలుదూది కూరి, వీరుల కథను బొమ్మలుగా ఉబ్బెత్తుగా కుట్టిన పని యది. దానిలో కొంత లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములోను, కొంత ఫ్లారెన్సు నగరములోను ఉన్నది. అట్టి గొప్ప వస్తువులు ప్రభువుల గదులలో పరచుకొనినవి. దినదినము ఒరిపిడికి గురియైనవి కావు. అంచుల విద్య పెరిగినది సామాన్యుల ఇండ్లలో.

అన్నిటికన్న తేలికైన పద్ధతి పైగుడ్డను, అడుగుగుడ్డను రెండింటిని లోపలికి మడిచి, ఎదురెదురుగా చేర్చి కుట్టివేయుట. వేల్సు దేశములోను, ఉత్తర ఇంగ్లండులోని డర్హాం ప్రాంతములోను బొంతలకు ఇదియే అలవాటు. అంచు వెంబడి ఒక వరుసగాని రెండు వరుసలుగాని సాదాకుట్టు వేయుదురు. వేరు గుడ్డ అక్కరలేదు, అంచు పలుచగా చక్కగా కుదురును. ఒక్కటే చిక్కు. మడత అరిగినప్పుడు అరిగినది బొంత గుడ్డయే. మరల లోపలికి మడిచి కుట్టవలసినదే గాని వేరు మార్గము లేదు. మరమ్మతు జరిగిన ప్రతిసారి బొంత కొంత చిన్నదగుచు వచ్చును.

రెండవ పద్ధతిలో అడుగుగుడ్డను నాలుగు వైపుల కొంత పెద్దదిగా ఉంచి, దానిని పైకి తిప్పి మడిచి కుట్టుదురు. మన పల్లెలలో పాతచీరలతో బొంత కుట్టునప్పుడు కూడ ఇట్టి పని తరచుగా జరుగును. వెలుపలి చీరను పెద్దదిగా విడిచి, లోపలి పాతపంచెల కొసలను దానిలో పొదిగి తిప్పుదురు. చీర నేత అంచు దిట్టముగా ఉండును గనుక అది బొంత అంచునకు వచ్చినచో కొంత లాభము.

మూడవ పద్ధతి వేరు పట్టీ. బొంత కొసలను సమానముగా కత్తిరించి, సన్నని గుడ్డపట్టీని ముందువైపు కుట్టి, వెనుకకు తిప్పి మూసివేయుట. ఇందులోని తెలివి చూడుడు. బండిచక్రమునకు ఇనుపపట్టా ఎందుకు వేయుదురు? రాతిదారిలో అరుగునది పట్టాయే గాని కొయ్య కాదు. పట్టా అరిగినచో మార్చుకొనవచ్చును. పట్టీ కూడ అట్టిదే. అది అరుగుటకే పుట్టినది. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున అమెరికా తూర్పు ప్రాంతములలో ఇంటింట చిన్న నాడామగ్గముపై సన్నని నాడా నేసి, దానితో బొంతల అంచులు కట్టెడివారు. నాడాకు ఇరుప్రక్కల నేత అంచే యుండును గనుక కొసలు మడుచు పనియే లేదు. తరువాతి కాలమున గుడ్డనుండి కత్తిరించిన పట్టీలు వ్యాపించినవి. పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు ప్రాంతపు ఆమిష్ మతస్థులు మాత్రము పట్టీని సన్నగా గాక వెడల్పుగా, వేరు రంగులో వేసిరి. బొమ్మలులేని ముదురురంగుల బొంతకు ఆ అంచు చట్రమువలె అమరును.

వేరు పట్టీకి మరొక ఉపయోగము కూడ కలదు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దులలో మచిలీపట్నము మొదలైన మన కోరమాండల్ తీరపు రేవులనుండి ఐరోపాకు కలంకారీ పరపులు ఓడల కొద్ది పోయినవి. మంచముమీద పరచు ఈ గుడ్డలను ఇంగ్లీషువారు ‘పాలంపోర్’ అనిరి; ‘పలంగ్‌పోష్’ అను మాటకు అది వారి ఉచ్చారణ. నడుమ వృక్షము, చుట్టును పూలలతల అంచు అందులో చిత్రింపబడియుండును. ఆ మోజునకు తమ నేతగాండ్రు దెబ్బతిందురని ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుగుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధము కొనసాగించెను. ఇంగ్లండులో 1721 నాటి చట్టము 1774 వరకు నిలిచెను. ఇట్టి గుడ్డను బొంతగా కుట్టవలసి వచ్చినచో అంచును లోపలికి మడుచుటకు ఎవరికి చేతులు వచ్చును? చిత్రకారుడు గీసిన లత సగము మడతలో మునిగిపోవును. సన్నని వేరు పట్టీయైనచో మింగునది స్వల్పము.

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నిటిలోను అంచు చివరి పని. ఐరోపా, అమెరికాలలో బొంతను సామాన్యముగా చట్రమునకు బిగించి కుట్టుదురు. చివరకు కొసలు కత్తిరించి అంచు కట్టుదురు. దీనికి పూర్తిగా తలక్రిందులైన పద్ధతి మన దేశములోనే, కర్ణాటకలో కలదు.

ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపుర, హళియాళ, ముండగోడు ప్రాంతముల అడవిపల్లెలలో సిద్దీలు నివసించుచున్నారు. వీరి పూర్వులు ఆఫ్రికావారు. వారిలో పలువురు పోర్చుగీసువారి గోవాలో బానిసలుగా ఉండి తప్పించుకొని వచ్చినవారు. నేడు వీరిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు మూడు మతములవారును ఉన్నారు. (ఆఫ్రికా సంతతివారు మనకు కొత్త కాదు, హైదరాబాదులో ఏ.సి. గార్డ్సు అను పేట పేరు నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళమునుండి వచ్చినదే.) సిద్దీ స్త్రీలు పాతబట్టలతో కుట్టు బొంతను ‘కవంది’ అందురు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ ఈ పనిని శ్రద్ధగా పరిశీలించి లోకమునకు తెలిపినవారిలో ముఖ్యుడు.

కవంది కుట్టు స్త్రీ అడుగున ఒక చీర పరచుకొని ఒక మూలనుండి పని ప్రారంభించును. అంచు వెంబడి గుడ్డముక్కలు పేర్చి, వాని కొసలను లోపలికి మడిచి అడుగు చీరతో కలిపి కుట్టును. అంచు అప్పుడే ముగిసినది! ఆ పిమ్మట లోపలివైపు మరియొక వరుస. కొత్తముక్క అంచు పాతముక్క విడికొసను కప్పును. కుట్లు అంచునకు సమాంతరముగా చుట్టును తిరుగుచు లోపలికి పోవును. వెలుపలినుండి ప్రదక్షిణము చేయుచు గర్భగుడి చేరినట్లు పని నడుమకు వచ్చి ఆగును. గుడ్డలోని వదులు ఇందులో నడుమకు చేరును. అంచు మాత్రము మొదటినుండియు బిగువే.

పని ముగిసిన తరువాత నాలుగు మూలలయందు పలుమారులు మడిచిన త్రికోణపు గుడ్డలు అమర్చి కుట్టుదురు. వీనికి ‘ఫుల’ అని పేరు, అనగా పువ్వు. పువ్వులు లేని కవంది దిగంబరముగా ఉన్నట్లే యని వారిలో కొందరి భావము. బొంతలో మూలల మీద లాగుడు ఎక్కువ గనుక అక్కడ అదనపు మందము మంచిదేనని మనకు తోచవచ్చును. కాని వారు చెప్పు కారణము బలము గూర్చినది కాదు. దానిని మన లెక్కలలో ఇరికించుట తగదు.

ఇక అంచుపట్టీలోని శాస్త్రమునకు వత్తము. పట్టీని గుడ్డనుండి ఎటు కత్తిరింపవలెను? పడుగు వెంబడి నిలువుగానా, ఐమూలగానా? దర్జీలు ‘క్రాసుముక్క’ అనునది ఈ ఐమూల పట్టీయే. రవికె మెడకు, చంకకు దానినే వాడుదురు. ఎందుకని అడిగినచో ‘క్రాసు సాగును’ అందురు. ఎందుకు సాగును?

తరగతిలో ఈ పని చేసి చూపవచ్చును. నాలుగు సమానమైన చీపురుపుల్లలను చతురస్రముగా పేర్చి మూలలను దారముతో వదులుగా కట్టుడు. ఒక పుల్లకు నిలువుగా లాగినచో చట్రము సాగదు. ఎదురెదురు మూలలు పట్టి లాగినచో చతురస్రము ఒరిగి, ఒక కర్ణము పొడవగును, రెండవది కురుచయగును. పుల్లలు మాత్రము సాగలేదు. కీళ్ళు వదులైన మంచము ప్రక్కకు ఒరుగుటయు ఇట్లే. పట్టెల పొడవు మారకయే మంచము ఆకారము మారును. నేతగుడ్డ ఇట్టి వేలకొలది చిన్న చతురస్రముల కూడిక. పడుగుపోగులు, పేకపోగులు పుల్లలు. చతురస్రము భుజము 1 అనుకొన్నచో కర్ణము 1.414. పోగుల నడుమ కోణము 90 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తగ్గినచో పెద్దకర్ణము 1.732 అగును, చిన్నది 1 అగును. అనగా ఒక్క పోగైనను సాగకుండ గుడ్డ ఐమూలగా నూటికి 22 పాళ్ళు పొడవు పెరిగి, అడ్డముగా 29 పాళ్ళు తగ్గినది.

ఈ సంగతిని గణితముగా ఆలోచించినవాడు సామాన్యుడు కాడు. ప్రధానసంఖ్యలపై కృషిచేసి ప్రసిద్ధికెక్కిన రష్యా గణితవేత్త పఫ్నూతీ చెబిషేవ్ 1878లో పారిసు నగరమున జరిగిన ఒక శాస్త్రజ్ఞుల సభలో దుస్తుల కత్తిరింపును గూర్చి ఉపన్యసించెను. పోగులు సాగవు, వాని నడుమ కోణములు మాత్రమే మారును అని అనుకొని, గోళమునకు గుడ్డ తొడుగు ఎట్లు కత్తిరింపవలెనో ఆయన లెక్కించెను. అట్టి పోగుల అల్లికను నేడు ‘చెబిషేవ్ వల’ యందురు. దర్జీ చేతికి ఏనాడో తెలిసిన దానిని ఆయన సమీకరణములలో పెట్టెను.

బొంతకు దీనితో పని ఎప్పుడు పడును? అంచు వంకర తిరిగినప్పుడు. బొంత మూలను గుండ్రముగా త్రిప్పి, అర అంగుళము వెడల్పుగల పట్టీ వేయుచున్నామనుకొనుడు. పావువృత్తము తిరుగునప్పటికి పట్టీ వెలుపలి అంచు లోపలి అంచుకంటె π/2 × 1/2, అనగా సుమారు 0.79 అంగుళము ఎక్కువ దూరము పోవలెను. మూల పెద్దదైనను చిన్నదైనను ఈ తేడా మారదు. నిలువుపట్టీ ఈ తేడాను భరింపలేదు. ముడుతలు పడును, లేదా మూల ముడుచుకొనును. ఐమూలపట్టీ ఒకవైపు సాగి, రెండవవైపు కూడి హాయిగా తిరుగును. 1930 ప్రాంతమున అమెరికాలో ‘జంట పెండ్లి ఉంగరము’ అను నమూనా బొంతలు బహుళముగా వ్యాపించినవి. వృత్తములు పెనవేసిన ఆ బొంతకు అంచంతయు వంపులే. ఐమూలపట్టీలు బొంతలపై ఎక్కువగా కనబడునది ఈ కాలమునుండియే. అంతకు పూర్వపు పట్టీలు చాలవరకు నిలువుపట్టీలు.

మన్నికలో కూడ రెండింటికి భేదము కలదు. నిలువుపట్టీని మడిచినప్పుడు మడత కొన పొడవునను ఒకే పోగు, లేక రెండు మూడు పోగులు పరుగెత్తును. అవి తెగినచో చీలిక గజముల కొలది సాగును. పాతబొంతల అంచు కత్తితో కోసినట్లు విచ్చియుండుట చూచినవారికి ఇది తెలియును. ఐమూలపట్టీలో ప్రతి పోగును మడతను ఒక్కచోట దాటి అవతలికి పోవును. అది తెగినచో చిన్న చిల్లి పడును గాని చీలిక పరుగెత్తదు. అట్లని ఐమూలయే ఎల్లప్పుడు మేలనుట పొరపాటు. కుట్టునప్పుడు చేయి కొంచెము లాగినచో అది సాగి, తిన్నని అంచుకూడ అలలవలె లేచును. చతురస్రపు బొంతకు సరిగా కుట్టిన నిలువుపట్టీ చాలును; గుడ్డయు పొదుపగును.

ఐమూలపట్టీకి గుడ్డ వృథాయగునను భయము ఒకప్పుడు ఉండెడిది. దానికి కుట్టుపనివారు ఒక చక్కని ఉపాయము కనుగొనిరి. చతురస్రపు గుడ్డను కర్ణము వెంబడి రెండుగా కత్తిరించి, ఆ రెండు త్రికోణములను భుజములు కలిపి కుట్టినచో సమాంతర చతుర్భుజము వచ్చును. దాని రెండు ప్రక్కలను ఒక పట్టీ వెడల్పు జరిపి కలిపి కుట్టినచో గొట్టమువలె అగును. జరిపిన చోటునుండి కత్తెర పెట్టి మరచుట్టువలె తిరుగుచు పోయినచో గుడ్డయంతయు ఒకే పొడవైన పట్టీగా వచ్చును. ఎంత పొడవు? విద్యార్థులు లెక్క కట్టవచ్చును. 60 అంగుళముల వెడల్పు, 90 అంగుళముల పొడవుగల బొంత చుట్టుకొలత 300 అంగుళములు. మూలల మడతలకు, కొసలు కలుపుటకు 12 అంగుళములు కలుపుడు. పట్టీని పొడవునకు సగముగా మడిచి రెండు పొరలుగా వేయుట మంచిది గనుక వెడల్పు 2 అంగుళములు తీసికొనుడు. కావలసిన వైశాల్యము 624 చదరపు అంగుళములు. 25 అంగుళముల చతురస్రపు ముక్క వైశాల్యము 625! అతుకు కుట్లలో పోవునది ఉన్నది గనుక 27 అంగుళముల ముక్క తీసికొన్నచో బాధ లేదు.

ఇక చరిత్రకారుని చిక్కు. ఇలియాస్ హోవ్ కుట్టుమిషనుకు 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను అమెరికాలో పేటెంటు పొందిరి. ఆ తరువాత మిషను ఇండ్లలోనికి వచ్చినది. పట్టీని మడిచి అందించు చిన్న ఉపకరణములను కూడ మిషనుతో అమ్మిరి. బొంత నడుమ పని చేతితో చేసినవారు కూడ అంచుపట్టీని మిషనుపై బిగించిరి. పొడవైన తిన్నని కుట్టు మిషనుకు తగిన పని గదా! కావున అంచున మిషనుకుట్టు కనబడినచో బొంత ఆ కాలము తరువాతిదని చెప్పుటకు నోరూరును.

కాని అంచుపట్టీ మార్చుటకే పుట్టినదని పైన చెప్పితిమి. 1820లో కుట్టిన బొంతకు 1880లో మనుమరాలు కొత్తపట్టీ వేసి మిషనుపై కుట్టియుండవచ్చును. అప్పుడు పట్టీ తేదీ మనుమరాలిది, బొంత తేదీ అవ్వది. దీనికి విరుద్ధముగా బొంత నమూనా పాతదైనను పట్టీతోసహా అన్నియు ఒకే గుడ్డయైనచో అది తరువాతి కాలపు అనుకరణ కావచ్చును. కెంటకీ రాష్ట్రములో 1981లో బొంతలను నమోదుచేయు ఉద్యమము మొదలైనది. తరువాత అమెరికాలోని అనేక రాష్ట్రములు దానిని అనుసరించినవి. ఇంటివారు తమ బొంతలను తెచ్చి చూపగా, పరిశీలకులు గుడ్డ, రంగు, కుట్లతోపాటు అంచు ఏ పద్ధతిలో ముగిసినదో కూడ వ్రాసికొనిరి. బార్బరా బ్రాక్‌మన్ 1989లో బొంతల కాలనిర్ణయముపై ప్రచురించిన గ్రంథములో అంచుపని కూడ ఒక ఆనవాలే. ఒక్క ఆనవాలును నమ్మరాదని, గుడ్డ, రంగు, కుట్టు, అంచు నాలుగును కలిసి చెప్పినదే సాక్ష్యమని ఈ రంగములో పనిచేయువారి నియమము.

అందువలననే మ్యూజియములలో చిరిగిన అంచుపట్టీని విప్పి కొత్తది వేయుట నేడు మంచి పనిగా తలచరు. దానిపై సన్నని వలగుడ్డ కప్పి, పాతపోగులు రాలిపోకుండ చుట్టును కుట్టి ఉంచుదురు. పట్టీ పోయినచో దానితోపాటు దాని కుట్టుదారము, దాని క్రింద వెలుతురు తగులక దాగియున్న అసలు రంగు, ఒక్కొక్కప్పుడు అంతకు ముందరి పట్టీ అవశేషములు కూడ పోవును.

ఈ పరీక్ష మీ ఇంటి బొంతపై కూడ చేయవచ్చును. ఏమియు విప్పకుండ ఒక భూతద్దముతో అంచును చూడుడు. కుట్టు ఒక ఎడము, ఒక దారము, మరల ఒక ఎడముగా పోవుచున్నచో చేతి సాదాకుట్టు. రెండువైపులను ఎడము లేక దారము వరుసగా కనబడి, పైదారము ఒకటి, క్రిందిదారము ఒకటిగా గుడ్డ నడుమ ముడిపడుచున్నచో మిషనుకుట్టు. వెనుకవైపు గొలుసువలె ఉన్నచో, జేమ్సు గిబ్స్ 1857లో పేటెంటు పొందిన ఒకేదారపు మిషను వంటిదానిపై కుట్టినది కావచ్చును. చేతి గొలుసుకుట్టు కూడ కొంత అట్లే కనబడును గనుక కుట్ల పొడవు అంతట సమానమా కాదా అని స్కేలుతో కొలిచి చూడవలెను. చిరిగినచోట పట్టీ క్రింద మరియొక పట్టీ తొంగిచూచుచున్నచో రెండింటి రంగు, నేత, కుట్టు వేరువేరుగా వ్రాసికొని, పైపట్టీ ఎవరు వేసిరో ఇంటిలోని పెద్దవారిని అడుగుడు.